ఎనభై సెకన్ల దూరంలో వదిన

రోజు 1

క్షేమం.

ఈ పుస్తకంలో రోజుకొక్క మాట చాలన్నారు గుల్లల మధ్య కబుర్లు నడిపే లంకె గది వాళ్లు. "క్షేమం" అని గానీ, "వినబడలేదు" అని గానీ. ఆ ఒక్క మాటే నీళ్లలోంచి ఏడో గుల్లకు పోతుందట. మిగతా పేజీ ఏం చేసుకోవాలో చెప్పలేదు. నాచుతో చేసినా కాగితం కాగితమే. ముప్పై ఎనిమిదేళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, మూరెడు ఖాళీ కళ్లెదురుగా పెట్టుకుని ఊరుకోలేను.

సంగతేమిటంటే, డెబ్భై అయిదు దాటి ఒంటరిగా ఉంటున్నవాళ్లు బతికే ఉన్నారని రోజూ ఎవరో ఒకరు పూచీ పడాలని కొత్త నిబంధన. ఏడో గుల్లలో ఒంటరిగా ఉంటున్న మా వదిన పేరిందేవికి పూచీ నేను. మా అన్నయ్య పోయి పదకొండేళ్లయింది. వదినకు ఎనభై ఒకటి. నాకు డెబ్భై ఆరు. నేను మూడో గుల్లలో మనవరాలు మిత్రవింద ఇంట్లో ఉంటున్నాను కనక, నేను బతికున్నానో లేదో ప్రభుత్వానికి పట్టలేదు.

ఒక్కసారి "వినబడలేదు" అని రాస్తే అక్కడి వాళ్లు తలుపు తీసుకుని లోపలికి వెళ్తారు. మనిషిని సంరక్షణ గుల్లకు చేరుస్తారు. ఇల్లు ఇంకొకరికి ఇచ్చేస్తారు. తిరిగి రావడం ఉండదు. అక్కడ మంచాలున్నాయి, మందులున్నాయి, గోడలోంచి రోజంతా పాటలొస్తాయి. కీబోర్డు తగిలించుకునే చోటు మాత్రం లేదు. వదిన ముందే అడిగి తెలుసుకుంది.

తెలుసుకుని, కిందటి పడవలో నాకొక చీటీ పంపింది. "హైమా, నేను వాయిస్తున్నన్నాళ్లూ క్షేమం అనే రాయి. మానేసిన రోజున నీ ఇష్టం."

మేమిద్దరం రోజూ పొద్దుటి దీపాలు వెలిగే వేళకు కీబోర్డు ముందు కూర్చుంటాం, ఆమె అక్కడ, నేనిక్కడ. నా పూచీకి ఆధారం అదొక్కటే.

రోజు 2

క్షేమం.

నీళ్లలో రేడియో నాలుగడుగులు నడవదు. శబ్దం నడుస్తుంది, సెకనుకు కిలోమీటరున్నర. మాకూ ఏడో గుల్లకూ మధ్య అరవై కిలోమీటర్ల సముద్రం. నేనొక వరస వాయిస్తే వదినకు చేరడానికి నలభై సెకన్లు. ఆమె బదులు నాకు చేరడానికి ఇంకో నలభై. పైన ఎండ మనుషుల్ని ఉండనివ్వడం మానేసి మేమంతా సముద్రం అడుగున ఈ గుల్లల్లోకి దిగాక నేర్చుకున్న మొదటి పాఠం ఈ ఎనభై.

ఎనభై సెకన్లలో రెండు వంకాయలు తరగొచ్చు. లేదా గోడ చెమట ఒక పలక మేర తుడవొచ్చు. గుల్లలో మనుషులకంటే గోడలకే చెమట ఎక్కువ. ఈ పొద్దున వదినతో పది వరసలు వాయించేసరికి పది పలకలు తుడిచాను. సంగీతం వల్ల ఇల్లు శుభ్రపడుతుందని ఏ శాస్త్రంలోనూ రాయలేదు.

ఈ దారిలో గొంతు పట్టదు. ఇంటికి వారానికి పది మాటల ఉత్తరం, అదీ అధికారి చదివాకే. పది మాటల్లో వదినా ఆడపడుచూ ఏం పోట్లాడుకుంటారు?

రోజు 4

క్షేమం.

పక్కింటి భీమశంకరం ఉప్పు డబ్బా కోసం వచ్చి నా కీబోర్డు వంక చూశాడు.

"ఏంటి పిన్నిగారూ, ఇంకా ఆ పిల్లల పెట్టేనా?"

"పిల్లలు పెద్దవాళ్లయ్యారు నాయనా. పెట్టె అలాగే ఉంది."

"మా ఇంటికి రండి ఓసారి. ఎనభై ఎనిమిది మెట్లు. వేలు ఎంత బరువుగా వేశారో అంత బరువుగానూ పలుకుద్ది."

"ఏడో గుల్లకు వినబడుతుందా?"

అతను ఉప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

భీమశంకరం వాద్యం గొప్పదే. వేలి బరువు, కాలి తొక్కుడు, అసలు ధ్వని, అన్నీ పంపాలంటుంది. అవన్నీ పంపితే మూడో గుల్ల పంపులన్నీ ఆ పూటకు మూగబోతాయని లంకె గది వాళ్లు ససేమిరా అన్నారు. మూడేళ్లుగా అది వాళ్లావిడకు మాత్రమే వినబడుతోంది. ఆవిడ చెవిటి యంత్రం తీసేసి వింటుంది.

నా పెట్టె సంగతి వేరు. అరవై ఒక్క మెట్లు. మెల్లగా నొక్కినా గుద్దినా ఒకే చప్పుడు. కాలి మీటకు చోటు లేదు. చెవి తీగ పెట్టే రంధ్రం ఒకటుంది గానీ, తీగ పెట్టగానే పెట్టె నోరు మూసుకుంటుంది, ఇద్దరు కలిసి వినడానికి లేదు. అరగంట ఎవరూ ముట్టకపోతే తనంతట తానే ఆరిపోతుంది. బయటినుంచి వచ్చే స్వరాలు దాని లెక్కలోకి రావు, మనిషి వేలే తగలాలి. వెనకాల ఇంకొక్క రంధ్రం. అందులోంచి అది చెప్పేది రెండే రెండు ముక్కలు: ఏ మెట్టు దిగింది, ఏ మెట్టు లేచింది.

పంపు మీటరు చెప్పేదీ అంతే, గుల్లల మధ్య దారి వేసిందీ ఆ మీటర్ల కోసమే. అందుకని లంకె గది జాబితాలో నా కీబోర్డు మీటరు కింద నమోదైంది. సంఖ్య 3-114. వదినది ఇదే రకం పెట్టె, 7-052. దారిద్ర్యం కూడా ఒక్కోసారి అర్హతే.

రోజు 9

క్షేమం.

పొద్దున జంట స్వరాలు. సస రిరి గగ మమ. రెండో 'మ' దగ్గర వదిన ఎప్పటిలాగే ఆలస్యం చేసింది. తొమ్మిదేళ్ల కిందట గుల్ల తలుపులో కుడి చేతి ఉంగరం వేలు నలిగింది. అప్పట్నుంచి ఆ వేలు పిలిచాక కాస్త ఆలోచించి గానీ రాదు. గాలి తడిగా ఉన్న రోజు ఇంకాస్త ఎక్కువ ఆలోచిస్తుంది. ఆ ఆలస్యాన్ని బట్టే ఆమె ఒంట్లో ఎలా ఉందో పోల్చుకుంటాను. నా వైద్యం అంతే.

"ఎడం చేత్తో అందుకోరాదా?" అని ఒకసారి పడవ మీద వెళ్లినప్పుడు అడిగాను. నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆమె హార్మోనియం మీద నేర్చిన మనిషి. ఎడమ చెయ్యి గాలి కొట్టడానికి, కుడి చెయ్యి పలకడానికి. ఈ పెట్టెకు గాలి కొట్టక్కర్లేదు. అయినా ఆ ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకు కూర్చుంటుంది తప్ప మెట్ల మీదికి ఎక్కనివ్వదు.

నాకు పదహారేళ్లప్పుడు ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చింది. వచ్చిన నెలలోనే నాకు గురువైంది. శిష్యులు తప్పు వాయిస్తే నోటితో ఏమీ అనదు. సరైన వరస మూడుసార్లు తను వాయిస్తుంది. ఆ తర్వాత నువ్వు నొక్కిన తప్పు మెట్టు ఒక్కదాన్నీ, విడిగా, ఒక్కసారి నొక్కుతుంది. దానికంటే చెంపదెబ్బ నయం. నేను ఆ దెబ్బ తిని ముప్పై ఏళ్లయింది. అప్పటినుంచీ తప్పు వాయించలేదని కాదు, ఆమె వినేటప్పుడు వాయించలేదు.

రోజు 12

క్షేమం.

లంకె గదిలో కొత్త ఏర్పాటు. పేరు 'ఊహ'. మిత్రవింద అక్కడే పని చేస్తుంది, ఈ ఊహ దాని చేతి పనే. రాత్రి అన్నం తింటూ గొప్పగా చెప్పింది.

"పడవ అడ్డొచ్చినా, చేపల మంద అడ్డొచ్చినా మధ్యలో కొన్ని రీడింగులు పోతాయి కదా అమ్మమ్మా. ఇకనుంచి పోయినా ఫర్లేదు. మీటరు రోజూ ఎలా చెప్తుందో ఊహకు తెలుసు. రానిదాన్ని అదే పూరించేస్తుంది."

"మంచిదే. చారు పోసుకో."

మంచిదేనని నిజంగానే అన్నాను. రాసిపెడుతున్నాను.

రోజు 15

క్షేమం.

ఇంత శుభ్రంగా ఏడో గుల్లను నేనెన్నడూ వినలేదు. ఒక్క స్వరం జారలేదు. మొన్నటిదాకా తిమింగలం దాటినప్పుడల్లా అవరోహణలో రెండు మెట్లు మాయమయ్యేవి. మిత్రకు వంకాయ ముద్దకూర చేసిపెట్టాను.

రోజు 17

క్షేమం.

రెండో 'మ' నాకు నచ్చడం లేదు.

ఆలస్యం ఉంది, లేకపోలేదు. కానీ నిన్నా మొన్నా ఎంత ఆలస్యమో ఈ రోజూ అంతే. మా పెట్టెలో టకటక లాడే తాళం ఒకటుంది, దాన్ని వేసి విన్నాను. రెండు టకాల సరిగ్గా నడిమధ్యన పడింది 'మ'. మూడు వరసల్లోనూ అక్కడే. నిన్న గుల్లలన్నిటా గాలి తడిసి ముద్దయింది. అయినా అక్కడే.

మనిషి నడక తప్పుతుంది, తప్పడంలో మళ్లీ తప్పుతుంది. ఇంత క్రమశిక్షణతో తడబడే వేలు మా వదినకు లేదు.

రోజు 18

క్షేమం.  

మిత్రను కూర్చోబెట్టి అడిగాను.

"పొద్దున నేను వింటున్నది మీ ఏడో గుల్ల అమ్మమ్మనా, మీ ఊహనా?"

"రెండూ కలిపి. ఆవిడ వాయించింది వస్తుంది, రాకుండా పోయింది ఊహ పూరిస్తుంది."

"ఎంత పోయిందో ఎంత వచ్చిందో నాకెలా తెలుస్తుందే?"

"తెలీదు. అదే కదా దాని గొప్ప."

"అసలేమీ రాకపోతే?"

అది గోడ వంక చూసింది. "ఏడు రోజులు పూరిస్తుంది. ఎనిమిదో రోజు ఎర్ర దీపం."

"అంటే చచ్చిన మనిషి చేత వారం రోజులు జంట స్వరాలు వాయిస్తుందన్నమాట."

"అలా అనకు అమ్మమ్మా! పంపుల కోసం పెట్టాం అది. పంపులకు బానే ఉంది."

"మా వదిన లైనుకు తీసెయ్యి."

"తీస్తే అది మీటరు కాదని రాయాలి. మీటరు కాకపోతే లైనే ఉండదు. భీమశంకరం గారికీ నీకూ తేడా ఉండదు."

అయ్యవారిని చేయబోతే కోతి కావడం అంటే ఇదే. ఆఖరికి వారానికొచ్చే పది మాటల వంతు వాడి ఏడో గుల్ల లంకె అధికారి పరబ్రహ్మం గారికి ఉత్తరం పంపాను: "మా వదిన పేరిందేవి ఎలా ఉన్నారో దయచేసి తెలుపగలరు." మూడు మాటలు మిగిలాయి. వాటితో ఏమీ చేయలేకపోయాను.

రోజు 19

క్షేమం.

పరబ్రహ్మం గారి దగ్గరినుంచి జవాబొచ్చింది. "మీ పుస్తకం ప్రకారం క్షేమం."

నేను రాసిన మాటే వాళ్ల దగ్గరికి పోయి, అక్కడ ముద్ర వేయించుకుని, నా దగ్గరికే వచ్చింది. నేను ఊహను నమ్మాను, వాళ్లు నన్ను నమ్మారు. ఈ గొలుసులో వదిన ఎక్కడా లేదు.

ఉన్నది రెండే దారులు. "వినబడలేదు" అని రాస్తే తలుపు తీసి చూస్తారు. ఆమె హాయిగా కూర్చుని కాఫీ తాగుతున్నా సరే, ఇల్లు పోతుంది, కీబోర్డు పోతుంది. చేతులారా నేనే పంపినట్టు. "క్షేమం" అని రాస్తూ పోతే, ఆమె నేల మీద పడి ఉన్నా సరే నేను క్షేమం రాస్తూ ఉంటాను. పడవ ఇరవై రెండో రోజు పొద్దున. అందాకా ఏదో ఒకటి తేలాలి.

మొత్తం మీద ఒక ఆలోచన వచ్చింది. రేపు పొద్దున తప్పు వాయిస్తాను. తప్పును వదిలిపెట్టడం ఊహకు తెలుసేమో గానీ మా వదినకు తెలీదు.

రోజు 20

(మాట ఇంకా రాయలేదు. సాయంత్రపు దీపాలలోపు రాయాలి.)

దీపాలు వెలిగాయి. తొలి సరళి అందుకున్నాను. పదహారు స్వరాలు, పసిపిల్లలు వాయించేది. ఆరోహణలో 'ప' ఉండాల్సిన చోట పక్క మెట్టు నొక్కాను. ముప్పై ఏళ్ల తర్వాత కావాలని చేసిన తప్పు. వెనకనుంచి ఎవరో చూస్తున్నట్టనిపించింది.

ఎనభై సెకన్లు. ఏమీ తరగలేదు, ఏమీ తుడవలేదు.

బదులొచ్చింది. రెండో సరళి. చక్కగా, నిండుగా, ఏమీ జరగనట్టు. మూడుసార్లు దిద్దడం లేదు. విడిగా కొట్టిన దెబ్బ లేదు.

అరవై ఏళ్లలో మా వదిన నన్ను క్షమించడం ఇదే మొదటిసారి.

కలం తీసి "వి" అని రాశాను. ఈ పేజీ మొదట్లో ఆ కొట్టివేత అదే. అంతలో మిత్ర మధ్యాహ్నం భోజనానికి వచ్చింది. నేను చెప్పింది విని, పళ్లెం కింద పెట్టేసింది.

"ఎన్ని తప్పులు వాయించావు?"

"ఒకటి. ఒకటి చాలదా?"

"ఒకటైతే ఊహ ఇక్కడే కొట్టేస్తుంది అమ్మమ్మా! ఒంటరిగా తేడా వచ్చిన రీడింగు మీటరు పొరపాటని వదిలేస్తుంది. ఆవిడకు నీ తప్పు చేరనే లేదు. సరైనదే చేరింది."

"ఎవడే ఆ తెలివి తక్కువ నియమం పెట్టింది?"

అది నా వంక చూసింది.

"తొమ్మిదో తరగతిలో నువ్వే చెప్పావు. లోలకం ప్రయోగం. పది రీడింగుల్లో ఒకటి వేరేగా వస్తే దాన్ని వదిలేసి సగటు తియ్యమని. నోటుబుక్కులో ఎర్ర సిరాతో గీసి మరీ చూపించావు."

చెప్పాను. ముప్పై ఎనిమిదేళ్లు చెప్పాను. ఎన్ని లోలకాలు నిజం చెప్పి ఉంటాయో, ఎంతమంది పిల్లల చేత కొట్టేయించానో ఇప్పుడు లెక్క తీయలేను.

"ఎన్ని తప్పులైతే పంపుతుంది?"

"సగానికి పైన. అప్పుడు పంపు నిజంగానే మారిందనుకుంటుంది. ఆవిడ వైపు నుంచీ అంతే."

"అయితే పదహారూ వాయిస్తాను."

అనుకున్నంత సులువు కాదు. మెట్లన్నీ ఒకటి పక్కకు జరిపి వాయిస్తే అది తప్పు కాదు, శ్రుతి మారడం. ఇష్టమొచ్చినట్టు నొక్కుదామంటే వేళ్లు నా మాట వినడం లేదు, వాటంతట అవే రాగంలోకి పోతున్నాయి. మంచి అలవాట్ల వల్ల నష్టం ఇలాంటప్పుడే తెలుస్తుంది. చివరికి సంగీతం ముక్క రాని మిత్రను పక్కన నిలబెట్టాను.

"నోటికొచ్చిన అంకెలు చెప్పవే. ఒకటి నుంచి అరవై ఒకటి లోపు."

"పదిహేడు. మూడు. నలభై... నలభై నాలుగు. అమ్మమ్మా, నవ్వొస్తోంది."

"నవ్వకు. అంకె చెప్పు."

పదహారు మెట్లు నొక్కాను. గుల్ల గోడలు కూడా సిగ్గుపడి ఉంటాయి. మధ్యాహ్నం వేళ వాయించే అలవాటు మాకు లేదు. అక్కడ పెట్టె ఆరిపోయి ఉంటే వినబడదు. మనిషి పక్కన లేకపోయినా వినబడదు.

ఎనభై సెకన్లు అయ్యాయి. ఏమీ లేదు. నూట ఇరవై. మిత్ర నా భుజం పట్టుకుంది. అది పట్టుకుంటే గానీ నేను వంగిపోతున్నట్టు నాకు తెలియలేదు. అదే పదహారు మెట్లు మళ్లీ వాయించాను. మళ్లీ ఎనభై. మిత్ర అన్నం మీద పళ్లెం మూత పెట్టింది. అయిదోసారి వాయించాక తొంభై సెకన్లకు ఒక మెట్టు పలికింది.

చాలా కింద. మంద్ర స్థాయిలో, పెట్టెకు ఎడమ చివరన. స. తర్వాత రి. ఒక్కో స్వరానికీ మధ్య మనిషి లేచి నీళ్లు తాగి వచ్చేంత ఖాళీ. తొలి సరళి. మొదటిసారి పూర్తయింది. రెండోసారి. మూడోసారి. తప్పు లేదు.

ఆ తర్వాత నా తప్పులు మొదలయ్యాయి. విడివిడిగా. పదిహేడో మెట్టు. మూడో మెట్టు. నలభై నాలుగు. పదహారు దెబ్బలూ తిన్నాను. చివర్లో రెండు మాత్రం ముందూ వెనకా అయ్యాయి.

"బతికే ఉంది!" అని మిత్ర అరిచింది.

బతికే ఉంది. కానీ అది విననిది నేను విన్నాను. ఆ స్వరాలు కింది మెట్లవి. ఎడమ చేతివి. అరవై ఏళ్లుగా మెట్ల మీదికి ఎక్కని చెయ్యి అది. కుడి చెయ్యి బాగుంటే ప్రాణం పోయినా ఆ చెయ్యి ఎక్కనివ్వదు.

క్షేమం.

ఈ మాట అబద్ధమని నాకు తెలుసు. రెండో మాట ఇంతకంటే పెద్ద అబద్ధం. మూడో మాటకు వాళ్లు చోటు పెట్టలేదు.

రోజు 21

క్షేమం.

సామాను సర్దాను. రెండు చీరలు, కళ్లజోడు, కీబోర్డు. కీబోర్డును పాత దుప్పట్లో చుడుతుంటే మిత్ర వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఎన్నాళ్లు ఉంటావు?"

"నిబంధన చదివాను. ఒంటరిగా ఉండేవాళ్లకే పూచీ కావాలి. ఇంట్లో ఇద్దరుంటే అక్కర్లేదు."

"అంటే ఎన్నాళ్లు?"

"వంకాయ మొక్కలకు రోజు విడిచి రోజు నీళ్లు పొయ్యి. వాటికి ఊహ సరిపోదు."

అది ఏడవలేదు. మా వంశంలో ఆడపిల్లలు ఏడవరు, గిన్నెలు గట్టిగా పెడతారు. రాత్రి చాలా గట్టిగా పెట్టింది.

రోజు 22

క్షేమం. (ఏడో గుల్ల, వదిన ఇల్లు. ఇక్కణ్ణుంచి రాయొచ్చో లేదో తెలీదు, రాస్తున్నాను.)

తలుపు తీసింది వదినే. కుడి మణికట్టు చపాతీ కర్రకు కట్టుకుని ఉంది. నన్ను చూసి కుశలం అడగలేదు.

"ఏవమ్మా హైమా! మొన్న మధ్యాహ్నం వేళ్లు ఆడిద్దామని పెట్టె వేస్తే పదహారుకు పదహారూ తప్పా? పక్షవాతం వచ్చిందనుకున్నాను నీకు! నీ పూచీ ఎవరికి రాయాలో తెలీక మూడు రోజులుగా నాకు అన్నం సయించట్లేదు."

"పూచీ నువ్వెందుకు రాయడం? నేను బానే ఉన్నాను. ఆ చెయ్యి ఏంటి?"

"తొమ్మిది రోజుల కిందట స్నానాల గదిలో జారాను. వాచింది. తగ్గిపోద్ది."

"గంట కొట్టొచ్చు కదా!"

"కొడితే వచ్చి మోసుకుపోతారు. నీకు తెలీదా?"

నేను ఆ కర్ర విప్పి, వేడినీళ్లు పెట్టి, మళ్లీ కట్టాను. విరగలేదు, బెణికింది. కట్టు కడుతున్నంతసేపూ ఆమె కిటికీ అవతలి నీళ్లు చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"రెండు వేళ్లు ఆడుతున్నాయి. వాటికి అందిన స్వరాలు వేశాను, అందనివి వదిలేశాను. ఎనిమిది రోజులు సగం సగం వాయించాను హైమా. 'ఏం వదినా, ఎందుకు వదిలేస్తున్నావు' అని నువ్వు ఒక్క మెట్టు కొట్టలేదు. వినీ విననట్టు నీ పాటికి నువ్వు తర్వాతి వరసకు పోయేదానివి. ఇంకేముంది, దీనికి నేను బరువైపోయాను, మొక్కుబడికి కూర్చుంటోంది అనుకున్నాను."

"నాకు నిండుగా వినబడింది వదినా."

"ఎలా వినబడుద్ది? నేను వాయించందే!"

ఊహ గురించి చెప్పాను. నియమం ఎవరిదో కూడా చెప్పాను. ఆమె అంతా వింది.

"అంటే ఎనిమిది రోజులు నా బదులు నాకంటే బాగా వాయించింది అది."

"బాగా కాదు. సరిగ్గా."

"నీకు ఆ తేడా తెలియడానికి అయిదు రోజులు పట్టిందన్నమాట."

నేను లేచి కాఫీకి నీళ్లు పెట్టాను.

రోజు 24

పరబ్రహ్మం గారు వచ్చి చూసి వెళ్లారు. బక్కపలచటి మనిషి, పేరు మోయలేక కాస్త వంగి నడుస్తారు. ఇంట్లో ఇద్దరున్నారు కనక పూచీ రద్దు, పుస్తకం జమ చేయమన్నారు. మొదటి మాట కూడా ఇక అక్కర్లేదన్నారు. అందుకే ఈ రోజు రాయలేదు.

సాయంత్రం నా కీబోర్డు విప్పి వదిన కీబోర్డు పక్కన పెట్టాను. రెండిటినీ తగిలిస్తే ఇద్దరం ఒకే పెట్టెలోంచి వినొచ్చని నా ఆశ. కుదరదు. రెండిటికీ వెనకాల ఒకే రకం రంధ్రం. దానికి చెప్పడమే వచ్చు, వినిపించుకోవాలంటే మధ్యలో ఒక లంకె పెట్టె ఉండాలి. ఒకదాని తీగ ఇంకోదానికి పెట్టి చూశాను. రెండూ మూతి ముడుచుకుని ఊరుకున్నాయి.

"పక్కపక్కన పెట్టినా మాట్లాడుకోవా?" అంది వదిన.

"మధ్యవర్తి లేందే మాట్లాడవు."

"మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ మనమూ అంతేగా."

నిజమే. కాదనడానికి ప్రయత్నించాను. అక్కడినుంచి మాటలు అన్నయ్య మీదికి పోయాయి, ఆయన చారులో ఉప్పు తక్కువైందని నలభై ఏళ్లు చెప్పిన ఒకే మాట మీదికి పోయాయి, పెళ్లైన కొత్తలో నేను దాచేసిన ఆమె హార్మోనియం తాళం చెవి మీదికి పోయాయి. నేనే దాచానని ఆమెకు మొదటి రోజే తెలుసట. ఎందుకు అడగలేదంటే, నువ్వే తెచ్చిస్తావని చూశాను అంది. తెచ్చివ్వడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆమె మాట అనడానికీ నేను బదులివ్వడానికీ మధ్య ఎనభై సెకన్లు లేవు. మొదట్లో దానికే ఇబ్బంది పడ్డాను, చేతులకు పని తోచలేదు. ఆమె మాట ముగియకముందే నేను అందుకుంటున్నాను, నాది ముగియకముందే ఆమె. ఎవరు ఏ మాట మధ్యలో మింగేశారో పూరించే దిక్కు లేదు.

టక్ మని చిన్న చప్పుడైంది. వెంటనే ఇంకొకటి. అరగంటగా ఎవరూ ముట్టలేదని రెండు కీబోర్డులూ ఆరిపోయాయి.

"లేచి వెయ్యనా?" అన్నాను.

"ఉండనీ," అంది వదిన. "ఆ తాళం చెవి ఎక్కడ దాచావో చెప్పు ముందు."